అడ్జస్టబుల్ సేఫ్టీ రేజర్: గడ్డానికి తగిన అంకెను పట్టుకోవడం

రెండంచుల బ్లేడు వాడే మామూలు సేఫ్టీ రేజర్‌కూ అడ్జస్టబుల్ రేజర్‌కూ పైకి కనిపించే తేడా ఒక్కటే: తల కిందనో పిడి చివరనో అంకెలు చెక్కిన చక్రం ఒకటి ఉంటుంది. ఈ రేజర్‌ను కొన్నవారిలో చాలామంది మొదటి వారం ఆ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు, ఒక రోజు గొంతు మీద గాటు పెట్టుకుంటారు, ఆ తర్వాత భయపడి దాన్ని 1 దగ్గరే ఉంచేసి మామూలు రేజర్‌లాగే వాడుకుంటారు. అలా వాడుకునేటట్లయితే దానికి అంత డబ్బు పెట్టవలసిన పనే లేదు. చక్రాన్ని ఊరికే తిప్పి చూస్తే తగిన అంకె దొరకదు. రెండు మూడు వారాల పాటు ఓపికగా, మిగతావేవీ మార్చకుండా, చర్మం చెప్పేది గమనిస్తే మాత్రం దొరుకుతుంది.

అసలు ఆ అంకె దేనిని కొలుస్తుందో ముందుగా తెలుసుకోవాలి. అంకె పెరిగేకొద్దీ గడ్డం మరింత నున్నగా వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ అది నిజం కాదు. బ్లేడు అంచుకు కాస్త కిందుగా, చర్మానికి ముందుగా తగిలే పట్టీ ఒకటి ఉంటుంది; దాన్ని గార్డు అంటారు. చక్రం తిప్పినప్పుడు ఈ గార్డుకూ బ్లేడు అంచుకూ మధ్య ఉన్న సందు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. సందు చిన్నదైతే పొడవాటి వెంట్రుకలు గార్డు కింద నలిగి పడుకుంటాయి, నురుగు అందులో ఇరుక్కుంటుంది, బ్లేడుకు ఒక్కసారికి అందేది తక్కువ. సందు పెద్దదైతే వెంట్రుకలు నిలబడే అంచు దాకా వస్తాయి, నురుగు ధారాళంగా జారిపోతుంది. అయితే వెంట్రుకలతో పాటు మెత్తని చర్మం కూడా ఆ సందులోకి కొంచెం ఉబ్బుతుంది. బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే కాబట్టి, దాని అంచుకు ఆసరా తగ్గినకొద్దీ గట్టి వెంట్రుక తగిలినప్పుడు అది సన్నగా కంపిస్తుంది కూడా. కాబట్టి ఒక్క గీతలో అంచుకు ఎంత వెంట్రుకను, ఎంత చర్మాన్ని అందించాలన్నదే ఈ అంకె చెబుతుంది. నున్నదనం మాత్రం ఎన్నిసార్లు గీశారు, ఏ దిక్కుగా గీశారు, బ్లేడు ఎంత పదునుగా ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. 2 మీద జాగ్రత్తగా మూడు విడతలు గీసిన చెంపకూ 7 మీద గీసిన చెంపకూ చేతికి తేడా తెలియకపోవచ్చు.

ఒక రేజర్ మీది అంకెకూ మరో రేజర్ మీది అంకెకూ పొంతన ఉండదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గిల్లెట్ సంస్థ 1958 నుంచి 1961 వరకు తయారుచేసిన 195 అడ్జస్టబుల్‌కు 1 నుంచి 9 వరకు అంకెలున్నాయి. దాని వెల 1 డాలరు 95 సెంట్లు కావడం వల్ల ఆ సంఖ్యే పేరైంది. పొట్టిగా, లావుగా ఉండే దాని పిడిని చూసి సేకరించేవారు దాన్ని ఫ్యాట్‌బాయ్ అని పిలుస్తారు. దాని తర్వాత వచ్చిన సన్నపాటి స్లిమ్‌కూ తొమ్మిది అంకెలే. జర్మనీలోని జోలింగెన్ పట్టణపు మెర్కూర్ సంస్థ చేసే ప్రోగ్రెస్‌కు 1 నుంచి 5, ఫ్యూచర్‌కు 1 నుంచి 6, మన దేశంలోనే తయారయ్యే పార్కర్ వేరియంట్‌కు 1 నుంచి 5 ఉంటాయి. ఒకరు ప్రోగ్రెస్‌ను 3 మీద హాయిగా వాడుతున్నారని మీరు ఫ్యూచర్‌ను 3 మీద పెట్టుకుంటే ఫలితం అదే ఉంటుందని అనుకోవద్దు. ఇతరుల అంకెలను విని ఆనందించవచ్చు గానీ అరువు తెచ్చుకోకూడదు.

చక్రాన్ని తిప్పే పద్ధతి కూడా అన్నింటికీ ఒకటి కాదు. పైకప్పు రెండు తలుపుల్లా తెరుచుకునే గిల్లెట్ రకాల్లో, పిడి చివరి మరను ముందుగా అరచుట్టు వదులు చేసి, అప్పుడు అంకె మార్చి, మళ్లీ మర బిగించాలి. బిగించి ఉండగానే చక్రాన్ని బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు అరుగుతాయి. ప్రోగ్రెస్‌లో పిడి చివరి గుబ్బే చక్రం కాబట్టి దాన్ని నేరుగా తిప్పవచ్చు. అయితే దాని పైకప్పుకు ఒక వైపున చిన్న గుర్తు ఉంటుంది. అది కింది పలక మీది గుర్తుకు ఎదురుగా వచ్చేలా అమర్చకపోతే అంకెకు అర్థం ఉండదు. ఫ్యూచర్ పైకప్పు నొక్కితే బిగుసుకునే రకం. దాన్ని ఊడదీసేటప్పుడు బ్లేడు అంచులున్న పొడవు వైపులను కాకుండా పొట్టి వైపులను పట్టుకోవాలి. ముఖం మీద ఒక్క గాటూ పడని వారు కూడా ఈ పనిలో వేళ్లు తెగ్గోసుకున్న సందర్భాలున్నాయి.

బ్లేడు బిగించాక వెలుతురులో రేజర్ తలను ఎదురుగా పెట్టుకుని రెండు వైపుల సందులనూ పోల్చి చూడండి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కనిపిస్తే మర వదులు చేసి, బ్లేడును సరిచేసి, మళ్లీ బిగించండి. వంకరగా కూర్చున్న బ్లేడు ఒక పక్క 2 లాగా, మరో పక్క 5 లాగా పనిచేస్తుంది. అలాంటప్పుడు మీరు ఎన్ని వారాలు పరీక్షించినా తేలేదేమీ ఉండదు.

పరీక్ష మొదలుపెట్టే ముందు, అది పూర్తయ్యేదాకా మారకూడనివి కొన్ని నిర్ణయించుకోవాలి. మొదటిది బ్లేడు. సెవెనోక్లాక్, టోపాజ్, సూపర్‌మాక్స్ వంటి సులభంగా దొరికే వాటిలో మీకు అలవాటైన రకం ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. జపానుకు చెందిన ఫెదర్ వంటి బాగా పదునైన బ్లేడుతో మొదలుపెట్టడం కొత్తవారికి మంచిది కాదు, ఎందుకంటే అప్పుడు మంట పుట్టింది అంకె వల్లనా బ్లేడు వల్లనా అన్నది తేల్చడం కష్టం. రెండవది సబ్బు లేదా క్రీము. మూడవది నీళ్లు, దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ మన ప్రాంతాల్లో చాలా ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే సబ్బు సరిగా నురగదు. వచ్చిన నురుగు కూడా చెంప మీద నిమిషంలో ఆరిపోతుంది, అప్పుడు ఏ అంకె పెట్టినా బ్లేడు గీరుకుపోతుంది. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లు సరిపోతాయి. నురుగు కలిపే గిన్నెలోకి మాత్రం ఒక చిన్న గ్లాసు ఫిల్టరు నీళ్లు వాడి చూడండి. ఈ ఒక్క మార్పుతో తమ రేజర్ మీద ఫిర్యాదు మానేసినవారు నాకు తెలుసు.

గడ్డం గీసుకున్న మరుసటి రోజు, ముఖం పొడిగా ఉన్నప్పుడు వేలి కొసలతో చెంపలు, దవడ, చుబుకం, గొంతు నాలుగు దిక్కులా నిమిరి చూడండి. నున్నగా జారిన దిక్కు వెంట్రుక వాలు. గరుకుగా తగిలిన దిక్కు ఎదురు. చెంపల మీద వాలు సాధారణంగా కిందికే ఉంటుంది కానీ గొంతు మీద అలా ఉంటుందన్న నమ్మకం లేదు. చాలామందికి కంఠమణి పక్కన వెంట్రుకలు అడ్డంగా మొలుస్తాయి, కొందరికి కింది నుంచి పైకి, ఇంకొందరికి సుడి తిరిగి ఉంటాయి. ఈ పటం మనసులో లేకుండా అంకెలు మార్చడం చీకట్లో దారి వెతకడమే.

ఇక ప్రారంభం. తొమ్మిది అంకెల రేజర్‌లో 3 దగ్గర, ఐదు లేదా ఆరు అంకెల రేజర్‌లో 2 దగ్గర మొదలుపెట్టడం ఉత్తమం. ప్రోగ్రెస్ వంటి రేజర్‌లో రెండు అంకెల మధ్య కూడా చక్రం నిలుస్తుంది కాబట్టి ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టినా తప్పులేదు. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు గడ్డాన్ని నానబెట్టి నురుగు పట్టించండి. రేజర్ పైకప్పును చెంపకు ఆనించి, పిడిని దాదాపు నేలకు సమాంతరంగా ఎత్తిపట్టి, నెమ్మదిగా కిందికి దించుతూ చిన్న గీత గీయండి. ఒకచోట సన్నని గరగర వినిపిస్తుంది. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉన్న చోటు అదే. చేతి బరువు వేయకూడదు, రేజర్ బరువు చాలు. మొదటి విడత వాలు వెంట, మళ్లీ నురుగు పట్టించి రెండవ విడత అడ్డంగా గీయండి. ఎదురుగా గీయడాన్ని మొదటి వారం పూర్తిగా మానుకోండి. ఎదురు గీత వల్ల వచ్చే మంట అన్ని గుర్తులనూ కప్పేస్తుంది.

ఒక అంకె మీద కనీసం నాలుగు సార్లు గీసుకోకుండా దాని మీద తీర్పు చెప్పవద్దు. వాటిలో కూడా కొత్త బ్లేడుతో గీసిన మొదటిసారిని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే కొత్త అంచు ఒక్కోసారి కాస్త గరుకుగా ఉండి రెండవసారికి కుదురుకుంటుంది. ఒక బ్లేడు ఎన్నిసార్లు వస్తుందన్నది గడ్డాన్ని బట్టి మూడు నుంచి ఏడు వరకు ఉంటుంది. బ్లేడు మొద్దుబారి వెంట్రుకలను లాగుతున్నప్పుడు చక్రం తిప్పి సరిపెట్టుకోవడం అందరూ చేసే తప్పు. లాగుతున్నది నాలుగైదు సార్లు వాడిన బ్లేడైతే ముందు బ్లేడు మార్చండి, అంకె జోలికి పోవద్దు.

గుర్తులను చదవడానికి నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది పటికను. క్షవరం అయ్యాక మంగలి ముఖానికి రుద్దే ఆ పటిక ముక్కే. గీయడం పూర్తయ్యాక చల్లని నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద పటికను మెల్లగా తిప్పండి. చర్మం పై పొర గీరుకుపోయిన ప్రతిచోటా అది చురుక్కుమంటుంది. కంటికి ఎర్రగా కనిపించని చోట్లను కూడా పట్టిస్తుంది. ఎక్కడ మండింది, ఎంత మండింది అన్నది గుర్తుంచుకుని, నాలుగైదు గంటల తర్వాత మళ్లీ ఒకసారి దవడను నిమిరి చూడండి. ఈ రెండింటినీ కలిపి చదివితే మీ అంకె ఏ వైపు ఉందో తెలుస్తుంది.

పటిక దాదాపు మండకుండా, అయితే ఒకే చోట నాలుగైదు సార్లు గీయవలసి వచ్చి, సాయంత్రానికే గరుకు తేలుతుంటే అంకె తక్కువైంది, ఒకటి పెంచండి. రెండు విడతలకే నున్నగా వచ్చి, ముఖమంతా సమంగా మండుతుంటే అంకె ఎక్కువైందనో చేతి బరువు పడుతోందనో అర్థం. ముందు చేతిని తేలిక చేసి రెండు సార్లు చూసి, అప్పటికీ తగ్గకపోతే ఒకటి తగ్గించండి. చెంపలు హాయిగా ఉండి గొంతు మాత్రమే మండితే అది సాధారణంగా అంకె తప్పు కాదు, అక్కడ మీరు తెలియకుండా ఎదురుగా గీస్తూ ఉండవచ్చు. మంట లేకుండా చుబుకం మీదో దవడ అంచు మీదో చిన్న గాట్లు పడుతుంటే కోణం చెడిందనుకోవాలి. ఎముక వంపు తిరిగే చోట గీత పొడవు తగ్గించి చర్మాన్ని కాస్త సాగదీసి పట్టుకుంటే అవి ఆగుతాయి. అంకె పెరిగేకొద్దీ కోణంలో తప్పును రేజర్ క్షమించడం తగ్గుతుంది కాబట్టి, గాట్లు ఆగేదాకా పైకి వెళ్లకూడదు.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే విషయం ఒకటుంది. మంట పుట్టగానే అంకె తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ గట్టి గడ్డం ఉన్నవారికి తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. అంకె మరీ తక్కువైనప్పుడు ఒక్క గీతకు తెగవలసిన వెంట్రుక తెగదు. తెగలేదని మళ్లీ గీస్తారు, అప్పటికి నురుగు పోయి ఉంటుంది, చేయి తెలియకుండానే నొక్కుతుంది, అలా ఒకే చోట ఆరేడు సార్లు బ్లేడు తిరిగాక చర్మం మండకుండా ఎలా ఉంటుంది? సున్నితమైన అంకె మీద ఆరు గీతలకన్నా కాస్త చురుకైన అంకె మీద రెండు గీతలు చర్మానికి మేలు. నేను దాదాపు నెల రోజులు 2 మీద గీసుకుని, గొంతంతా ఎర్రగా చేసుకుని, నా చర్మమే అంత సున్నితమైనదని సర్దిచెప్పుకున్నాను. చివరికి ఎంత మండితే అంత మండనీ అని 5 కు పెంచిన రోజున మంట సగానికి తగ్గింది. కాబట్టి మంట ఉందన్న ఒక్క కారణంతో అంకె తగ్గించకుండా, ఒకసారి గీసేటప్పుడు ఒక్కో చోట ఎన్ని గీతలు పడుతున్నాయో లెక్కపెట్టండి. మూడు దాటుతుంటే దారి పైకే.

ఇలా ఒక అంకె కుదిరాక, అది ఒక్క రోజు గడ్డానికి కుదిరిన అంకె అని గుర్తుంచుకోవాలి. గడ్డం రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మన ఇళ్లలో చాలాచోట్ల మంగళవారం, శుక్రవారం గడ్డం గీసుకోరు, కొందరు శనివారం కూడా మానేస్తారు. అంటే వారంలో కొన్నిసార్లు ఒక రోజు పెరుగుదలను, కొన్నిసార్లు రెండు మూడు రోజుల పెరుగుదలను గీయవలసి వస్తుంది. ఒకే సందు ఉన్న మామూలు రేజర్‌కు ఇదే పెద్ద ఇబ్బంది. అడ్జస్టబుల్ రేజర్ తన వెలకు న్యాయం చేసేది ఇక్కడే. తొమ్మిది అంకెల రేజర్ మీద నా లెక్క, ఎత్తిరాసుకోవడానికి కాదు గానీ పోల్చుకోవడానికి, ఇలా ఉంటుంది: నిన్న గీసుకుని ఉంటే 4 లేదా 5, రెండు మూడు రోజులైతే 6, ఊరి ప్రయాణాల్లో అయిదారు రోజులు గడిస్తే 8. ఏ రోజైనా రెండవ విడతకు రెండు అంకెలు తగ్గిస్తాను. మొదటి విడతలో పొడవంతా పోతుంది కాబట్టి రెండవ విడతకు అంత సందు అక్కరలేదు. మిగిలిన పొట్టి మొదళ్లకు బ్లేడు అంచు స్థిరంగా ఉండడమే ముఖ్యం. ఎదురుగా గీసే అలవాటున్నవారు ఆ మూడవ విడతను తమ కుదిరిన అంకెలకన్నా తక్కువ మీదే చేయాలి. వెంట్రుకలు చర్మం లోపలికి మొలిచి పొక్కులు కట్టే స్వభావం ఉన్నవారు ఆ విడతనే వదిలేయడం మంచిది.

అయ్యప్ప మాల వేసుకుని మండలం పాటు, అంటే 41 రోజులు, గడ్డం పెంచినవారు దీక్ష ముగిశాక నేరుగా రేజర్ పట్టుకుంటే చక్రం చివరి అంకె మీద పెట్టినా లాభం ఉండదు. అప్పటికి వెంట్రుక సెంటీమీటరుకు పైగా పెరిగి ఉంటుంది, అది సందులోకి పోకుండా బ్లేడుకు చుట్టుకుని లాగుతుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో వీలైనంత పొట్టిగా కత్తిరించి, తర్వాత కొత్త బ్లేడుతో ఎక్కువ అంకె మీద వాలు వెంట ఒక్క విడత మాత్రమే గీయాలి. ఆరు వారాలుగా బ్లేడు తగలని చర్మం మొదటి రోజున అంతకు మించి ఓర్చుకోదు; నున్నదనం సంగతి మరుసటిసారి చూసుకోవచ్చు.

పై పెదవి, ముక్కు కింది భాగం విషయంలో చెప్పవలసింది కొంచెమే. ఆ చోటుకు రేజర్ తల పెద్దది, చర్మం పలుచన, కాబట్టి ఎక్కువ అంకె మీద గీస్తున్నవారు అక్కడికి వచ్చేసరికి చక్రం తగ్గించుకోవాలి. మీసం ఉంచుకునేవారికి మాత్రం ఆ అంచు తీర్చేటప్పుడు సందు కొంచెం పెద్దదైతే బ్లేడు ఎక్కడ తగులుతుందో బాగా కనిపిస్తుంది. ఈ రెండింటిలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది ఎవరి చేతివాటం వారిది.

రేజర్‌ను ముఖానికి తాకించే ముందు అంకె చూసుకోవడం అలవాటు చేసుకోండి. సంచిలో ఒరుసుకుని కొన్ని చక్రాలు కదులుతాయి. అద్దం దగ్గర పిల్లలెవరో ఆటకు తిప్పి ఉండవచ్చు. మా తమ్ముడు మా ఇంటికి వచ్చినప్పుడు తన నాలుగు రోజుల గడ్డానికి చక్రాన్ని 9 కి తిప్పి, సొంత బ్లేడు తీసేసుకుని, రేజర్ మాత్రం అలాగే పెట్టి వెళ్లాడు. మరునాడు పొద్దున్నే నిద్రమత్తులో దాన్ని నా 4 అనుకుని గీసుకున్న నాకు, చుబుకం మీద పటిక ముక్క పది నిమిషాలు అదిమిపట్టుకోవలసి వచ్చింది. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు ఇలాంటి గాట్లకు అవకాశమే ఇవ్వకూడదు కాబట్టి, ఎక్కువ అంకెల జోలికి వెళ్లే ముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

చివరిగా శుభ్రత. బోరు నీళ్ల సున్నం, సబ్బు మడ్డి కలిసి చక్రం మరల్లో పేరుకుంటే అది బిగుసుకుపోతుంది, లేదా అంకె మీదికి పూర్తిగా రాకుండా ఆగిపోతుంది. అప్పుడు మీరు 4 అనుకున్నది నిజానికి 4 కాదు. వారానికి ఒకసారి బ్లేడు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత పళ్ల బ్రష్‌తో తోమి, చక్రాన్ని మొదటి అంకె నుంచి చివరి దాకా రెండు మూడు సార్లు తిప్పి, నీళ్లు విదిలించి ఆరబెట్టాలి. సున్నం తెల్లగా కట్టి వదలకపోతే నీళ్లు కలిపిన వెనిగర్‌లో నాలుగైదు నిమిషాలు మాత్రమే ఉంచి బాగా కడగాలి. చాలా రేజర్ల తల జింకు మిశ్రమం మీద క్రోమియం పూత వేసినది. పూత ఎక్కడైనా గీరుకుపోయి ఉంటే పులుపు లోపలి లోహాన్ని తినేస్తుంది కాబట్టి రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టే చిట్కాలు పాటించవద్దు. బిగుసుకున్న చక్రాన్ని పటకారుతో తిప్పకండి. వేడి నీళ్లలో కాసేపు ఉంచి, ఆరాక, మర మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే మరునాటికి వేళ్లతోనే తిరుగుతుంది.